కనిపించిన రన్‌వే మనదేనా? పొరుగు ఎయిర్‌పోర్టులో దిగకుండా చూసుకోవడం ఎలా

"ఇంత టెక్నాలజీ ఉంది, ఇద్దరు పైలట్లు కూర్చుంటారు, అయినా ఒక ఎయిర్‌పోర్టుకి బదులు ఇంకో ఎయిర్‌పోర్టులో ఎట్లా దిగుతారు సార్?" నల్గొండ, మిర్యాలగూడ, వనపర్తి వైపు నుంచి ఫ్లయింగ్ నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు మొదటి నెలలోనే ఈ మాట అడుగుతారు. వాళ్ల అమ్మానాన్నలూ అడుగుతారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి ఇంకో ప్రశ్న వేస్తారు: "మా పిల్లగాడు అట్లా దిగకుండా ఉండాలంటే ఏం చేయాలి?" మొదటిదానికి జవాబు చిన్నది. రెండోదానికి పెద్దది. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందు చిన్న జవాబు. రాత్రి బస్సులో హైదరాబాద్ నుంచి నకిరేకల్ వెళ్తున్నారు. చౌటుప్పల్ దాటాక నిద్ర పట్టింది. మెలకువ వచ్చేసరికి బయట వంతెన, లైట్లు, టీ కొట్లు. "అయ్యో, నకిరేకల్ వచ్చేసింది" అని బ్యాగు అందుకుని దిగిపోయారు. బస్సు కదిలిపోయాక బోర్డు చదివితే నార్కట్‌పల్లి. కళ్లు అబద్ధం చెప్పలేదు. వంతెన నిజం, లైట్లు నిజం. దేనికోసం ఎదురుచూస్తున్నామో అలాంటిది కనిపించగానే మనసు వెతకడం ఆపేసింది, అంతే. కాక్‌పిట్‌లో జరిగేది కూడా ఇదే.

ఇది కొత్తవాళ్లకు మాత్రమే జరిగే పొరపాటు అనుకోకండి. 1972 సెప్టెంబర్ 24న జపాన్ ఎయిర్‌లైన్స్ డీసీ-8 బొంబాయి శాంతాక్రూజ్‌లో దిగాల్సింది, పక్కనే ఉన్న చిన్న జుహూ ఎయిర్‌పోర్టులో దిగి రన్‌వే దాటి దూసుకుపోయింది. అదే జుహూలో 1953లో బ్రిటిష్ విమాన సంస్థ బీఓఏసీ వాళ్ల కామెట్ జెట్ కూడా అలాగే పొరపాటున దిగింది. 2013 నవంబర్‌లో అమెరికాలోని విచిటాలో బోయింగ్ 747 డ్రీమ్‌లిఫ్టర్ మెకానెల్ సైనిక స్థావరానికి బదులు జబారా అనే చిన్న ఎయిర్‌పోర్టులో దిగింది. రెండు నెలలు తిరక్కుండానే, 2014 జనవరి 12న, సౌత్‌వెస్ట్ సంస్థ బోయింగ్ 737 బ్రాన్సన్ ఎయిర్‌పోర్టు అనుకుని పొరుగున ఉన్న డౌన్‌టౌన్ ఎయిర్‌పోర్టులో దిగింది. దిగాల్సిన రన్‌వే 7,140 అడుగులు, దిగినది 3,738 అడుగులు. గట్టిగా బ్రేకులు తొక్కి చివరికి చేరకముందే ఆపగలిగారు కాబట్టి అందరూ క్షేమంగా బయటపడ్డారు.

ఈ కింద రాసినవి స్టూడెంట్ పైలట్ల కోసం, ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీద ప్రాక్టీస్ చేసేవాళ్ల కోసం. మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన పద్ధతికి, మీ సంస్థ రాతపూర్వకంగా ఇచ్చిన రూల్స్‌కి ఇవి అడ్డం రావు. ఎక్కడైనా తేడా కనిపిస్తే వాళ్ల మాటే వినండి.

ఏమేం కావాలి

వెళ్లే ఎయిర్‌పోర్టు చార్టు, దాంతోపాటు చుట్టుపక్కల ఎయిర్‌పోర్టుల చార్టులు కూడా. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురించే ఏఐపీలో (పైలట్ల కోసం ఇచ్చే అధికారిక సమాచార పుస్తకం) పౌర ఎయిర్‌పోర్టుల చార్టులు దొరుకుతాయి. ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్. మోకాలి మీద పెట్టుకునే ప్యాడ్, ఒక కాగితం. పెన్సిల్, దాన్ని ప్యాడ్‌కి కట్టడానికి ఒక దారం. ఆ దారం లేకపోతే సరిగ్గా అవసరమైనప్పుడే పెన్సిల్ సీటు కిందికి పోతుంది. దాన్ని వెతకడానికి తల దించిన 10 సెకన్లలోనే విమానం ముక్కు పక్కకు తిరిగిపోతుంది. ఇంట్లో చేసేవాళ్లకు మైక్రోసాఫ్ట్ ఫ్లయిట్ సిమ్యులేటర్ గానీ, ఎక్స్-ప్లేన్ గానీ ఏదైనా సరిపోతుంది.

1. ఇరుగుపొరుగు జాబితా నేల మీదే రాసుకోండి

దిగబోయే ఎయిర్‌పోర్టు చుట్టూ 30 నాటికల్ మైళ్ల, అంటే దాదాపు 55 కిలోమీటర్ల వృత్తం గీయండి. అందులో ఉన్న ప్రతి రన్‌వేనీ రాయండి. మూతబడినది, కట్టుబడిలో ఉన్నది, మిలిటరీది, ఏదీ వదలొద్దు. ఒక్కోదానికి ఎదురుగా రన్‌వే నంబర్ (దిక్సూచి దిశలో ఆఖరి సున్నా తీసేసిన అంకె, 09 అంటే తూర్పుకి, 27 అంటే పడమరకి), పొడవు, మన ఎయిర్‌పోర్టు నుంచి ఏ దిక్కున ఎంత దూరం అన్నవి రాయండి.

మన హైదరాబాద్‌నే తీసుకోండి. శంషాబాద్‌లో జంట రన్‌వేలు: 09 ఎడమ, 09 కుడి, అటువైపు చివర్ల నుంచి చూస్తే 27 కుడి, 27 ఎడమ. అక్కడి నుంచి ఉత్తరంగా 24 కిలోమీటర్లు వెళ్తే బేగంపేట, అదీ 09/27. బేగంపేట నుంచి ఈశాన్యంగా సుమారు 13 కిలోమీటర్లకు హకీంపేట వైమానిక స్థావరం, మళ్లీ 09/27. దాని నుంచి వాయవ్యంగా 15 కిలోమీటర్ల దూరంలో దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, 10/28. అన్నీ తూర్పు పడమరలే. అంటే దిక్సూచి చూసి "సరైన దిశలోనే ఉన్నాం" అనుకుంటే, ఈ నాలుగు చోట్లా ఆ మాట నిజమే అవుతుంది. నల్గొండ మీదుగా తూర్పు నుంచి శంషాబాద్‌కి వస్తుంటే కుడి పక్కన నాదర్‌గుల్‌లో చిన్న శిక్షణ ఎయిర్‌ఫీల్డ్ కూడా ఉంది. ఇక్కడ పొరపాటు జరగడానికి ఎంత అవకాశం ఉందో కాగితం మీద రాసుకుంటే గానీ అర్థం కాదు.

కట్టుబడిలో ఉన్నవాటిని ఎందుకు రాయమంటున్నానంటే, 2021 ఏప్రిల్‌లో జాంబియాలోని ఎన్‌డోలాలో ఇథియోపియన్ కార్గో విమానం ఇంకా ప్రారంభం కాని కొత్త ఎయిర్‌పోర్టులో దిగింది. 2018 సెప్టెంబర్‌లో ఎయిర్ ఇండియా ఏ320 మాలేలో పని పూర్తికాని కొత్త రన్‌వే మీద దిగింది. కొత్త తారు నల్లగా, శుభ్రంగా, పాత రన్‌వే కంటే బాగా కనిపిస్తుంది. కన్ను అటే పోతుంది. రేపు మహబూబ్‌నగర్‌లోనో, మామునూరులోనో కొత్త రన్‌వే పడితే పని మొదలైన రోజు నుంచే అది మీ జాబితాలో ఉండాలి.

2. మన ఎయిర్‌పోర్టుకి మాత్రమే ఉన్న మూడు గుర్తులు వెతకండి

ఈ పని మీద ఎక్కువ సమయం పెట్టండి. గుర్తు అంటే "చెరువు పక్కన" అని రాసుకోవడం కాదు. మన దగ్గర చెరువు లేని ఊరు ఎక్కడుంది? పైగా చార్టులో నీలంగా ఉన్న చెరువు మే నెలలో ఎర్ర నేలగా ఉంటుంది. ఆగస్టు వానలకు చార్టులో లేని కుంటలన్నీ మెరుస్తుంటాయి. గుర్తు ఎప్పుడూ ఏడాది పొడవునా మారనిది, పొరుగు ఎయిర్‌పోర్టుకి లేనిది అయి ఉండాలి.

శంషాబాద్‌కి వాయవ్యంగా హిమాయత్‌సాగర్, పడమర పక్కగా మహబూబ్‌నగర్ వైపు వెళ్లే 44వ నంబర్ జాతీయ రహదారి, పక్కపక్కనే రెండు రన్‌వేలు. బేగంపేటకి దక్షిణంగా హుస్సేన్‌సాగర్, నాలుగు వైపులా ఆనుకుని ఇళ్లు, ఒకే రన్‌వే. ఇలా పక్కపక్కన రాస్తే తేడా వెంటనే కనబడుతుంది. "రెండు రన్‌వేలు ఉండాలి, నాకు ఒకటే కనిపిస్తోంది" అనే ఒక్క మాట చాలు, చేయి ఆగిపోవడానికి.

నల్గొండ మీదుగా ఎగిరేవాళ్లకు నమ్మకమైన గుర్తులు నాగార్జునసాగర్ డ్యామ్, దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ ప్లాంటు పొగగొట్టాలు, 65వ నంబర్ హైవే. నమ్మకూడనిది సాగర్ ఎడమ కాలువ. డిసెంబర్ పొద్దున కృష్ణ వైపు మంచు పట్టి, సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు మిర్యాలగూడ దగ్గర ఆ కాలువలో తిన్నగా సాగే ముక్క వెండి పట్టీలా మెరుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు ఎయిర్‌స్ట్రిప్ అనే అంటారు. నేనూ అన్నాను.

గుర్తుల విలువ ఎంతో లండన్ వాళ్లకు బాగా తెలుసు. 1960 అక్టోబర్‌లో అమెరికన్ సంస్థ పాన్ యామ్ బోయింగ్ 707 హీత్రోకి బదులు నార్తోల్ట్ సైనిక ఎయిర్‌పోర్టులో దిగింది. రెండు చోట్లా దారిలో ఒక పెద్ద గ్యాస్ ట్యాంకు ఉండేది, పైలట్లు దాన్నే ఆనవాలుగా పెట్టుకునేవారు. ఆ తర్వాత ఒక ట్యాంకు మీద నార్తోల్ట్‌కి గుర్తుగా ఎన్‌ఓ అని, ఇంకోదాని మీద లండన్ హీత్రోకి గుర్తుగా ఎల్‌హెచ్ అని పెద్ద అక్షరాలు రాయించారు. ఒకేలా ఉన్న రెండు గుర్తులు ఒక్క గుర్తు కూడా లేకపోవడం కంటే ప్రమాదం.

3. పక్కనున్నవాళ్లకు నోటితో చెప్పండి

దిగడానికి ముందు ఇచ్చే బ్రీఫింగ్‌లో వాతావరణం, రన్‌వే, గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) అన్నీ చెబుతాం. ఇంకో వాక్యం కలపండి: "మన ఎయిర్‌పోర్టు కంటే ముందు ఎడమ పక్కన ఇంకొకటి కనిపిస్తుంది, అది మనది కాదు." పొరుగుదాన్ని ముందే పేరు పెట్టి పిలిస్తే, అది కనిపించినప్పుడు "ఓ, ఇది అదే కదా" అని మనసుకి తడుతుంది. పేరు పెట్టకపోతే మొదట కనిపించిందే మనది అయిపోతుంది. సోలోలో, అంటే ఒంటరిగా ఎగురుతున్నా సరే, పైకి గట్టిగా చెప్పండి. ఎవరూ వినడం లేదని సిగ్గుపడకండి.

4. ఆకాశం అద్దంలా ఉన్నా పరికరాలు పెట్టే దిగండి

విజువల్ అప్రోచ్ అంటే కళ్లతోనే దిగడం అని చాలామంది అనుకుంటారు. కళ్లతో దిగండి, కానీ ఐఎల్‌ఎస్ (రన్‌వే వైపు దారి చూపే రేడియో సంకేతం) ఉంటే ఐఎల్‌ఎస్ పెట్టండి. లేకపోతే జీపీఎస్‌లో ఎయిర్‌పోర్టు కోడ్ వేసి, రన్‌వే మధ్యగీతను ముందుకు పొడిగించిన లైన్ తెరమీద ఉంచండి. ఐఎల్‌ఎస్ ఫ్రీక్వెన్సీ తిప్పి వదిలేయకుండా దాని మోర్స్ కోడ్ శబ్దం విని, చార్టులో ఉన్న అక్షరాలతో సరిపోయిందో లేదో చూడండి. ఆ డా-డిట్ శబ్దం అర నిమిషం కూడా పట్టదు.

జీపీఎస్ లేని పాత శిక్షణ విమానంలో ఉంటే ప్రత్యామ్నాయం గడియారం. ఆఖరి గుర్తు దాటిన టైమ్ రాసుకోండి. అక్కడి నుంచి 9 నిమిషాలు పట్టాలని లెక్క ఉంటే, 4 నిమిషాలకే కనిపించిన రన్‌వే మీది కాదు.

5. దూరం, ఎత్తు పొంతన చూడండి

మామూలుగా మనం దిగే వాలు 3 డిగ్రీలు. అంటే ఒక్కో నాటికల్ మైలుకి సుమారు 300 అడుగుల ఎత్తు. శంషాబాద్ సముద్రమట్టానికి 2,024 అడుగుల ఎత్తున ఉంది. కాబట్టి 10 మైళ్ల దూరంలో ఆల్టీమీటర్ (ఎత్తు చూపే పరికరం) సుమారు 5,000, 5 మైళ్ల దూరంలో 3,500, 3 మైళ్ల దూరంలో 2,900 అడుగులు చూపించాలి. ఈ మూడు అంకెలు కాగితం మీద పెద్దగా రాసుకోండి.

ఇప్పుడు సిమ్యులేటర్‌లో నిజామాబాద్ వైపు నుంచి దక్షిణంగా వస్తున్నారనుకోండి. లెక్క ప్రకారం బేగంపేట మీదికి వచ్చేసరికి శంషాబాద్‌కి ఇంకా 13 మైళ్లు ఉంటుంది, మీరు సుమారు 5,900 అడుగుల్లో ఉంటారు. కిందికి చూస్తే చక్కటి రన్‌వే, 09/27. అదే మనదని మనసు అనుకుంటే వెంటనే వచ్చే ఆలోచన: "అమ్మో, చాలా ఎత్తులో ఉండిపోయాం!" చేయి థ్రాటిల్ మీదికి, ఫ్లాప్స్ మీదికి పోతుంది. టెన్షన్‌లో గబగబా దించడం మొదలుపెడతారు. గబగబా పని చేసేవాడికి ఇంకేమీ చూసే తీరిక ఉండదు.

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. రన్‌వే ఉన్నట్టుండి దగ్గరగా, బాగా కిందుగా కనిపిస్తే, "ఎట్లా దించాలి" అనే ప్రశ్న తర్వాత. "ఇంత దగ్గరగా ఎందుకుంది" అనేది ముందు. దారిలో ముందుగా తగిలే తప్పు ఎయిర్‌పోర్టు ఎప్పుడూ ఈ రూపంలోనే వస్తుంది.

6. "కనిపించింది" అనే మాట ఆలస్యంగా చెప్పండి

కంట్రోలర్ అడుగుతారు, ఎయిర్‌పోర్టు కనిపిస్తోందా అని. కనిపించింది అనగానే విజువల్ అప్రోచ్ ఇస్తారు. అక్కడి నుంచి దారి చూసుకునే బాధ్యత మీదే. కాబట్టి ఆ మాట అనేముందు మూడు విషయాలు సరిపోవాలి: తెరమీద దూరం, రన్‌వే ఉండాల్సిన దిక్కు, రెండో మెట్టులో రాసుకున్న గుర్తుల్లో కనీసం ఒకటి. సరిపోకపోతే "ఇంకా కనిపించలేదు" అనండి. అలా అంటే చిన్నతనం ఏమీ లేదు. కంట్రోలర్లు దారి చూపిస్తారు, అది వాళ్లకు రోజూ ఉండే పని.

ల్యాండింగ్‌కి అనుమతి ఇచ్చారు కాబట్టి సరైన చోటే ఉన్నాం అనుకోవడం ఇంకో పెద్ద పొరపాటు. ఆ అనుమతి వాళ్ల రన్‌వే ఖాళీగా ఉందని చెబుతుంది. మీరు వేరే రన్‌వే వైపు పోతుంటే టవర్‌లో ఉన్నవాళ్లకు కనిపించకపోవచ్చు. బ్రాన్సన్‌లోనూ దిగడానికి అనుమతి వచ్చింది. అందుకే అమెరికా రవాణా భద్రతా బోర్డు ఆ తర్వాత ఒక సిఫారసు చేసింది: దారిలో పొరబడే అవకాశమున్న ఇంకో ఎయిర్‌పోర్టు ఉంటే, విమానం దాన్ని దాటేదాకా ల్యాండింగ్ అనుమతి ఇవ్వొద్దని.

7. నేల మీద రాసిన నంబర్ చదవండి

నేను స్టూడెంట్‌గా ఉన్నప్పటి సంగతి. ఒక క్రాస్ కంట్రీలో (ఒక ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ఎయిర్‌పోర్టుకి ఎగిరే ప్రయాణంలో) తెలియని ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాం. రన్‌వే కనిపించింది, ముక్కు అటు తిప్పాను. పక్క సీట్లో ఇన్‌స్ట్రక్టర్ అడిగారు: "నంబర్ ఎంత?" టకీమని చెప్పాను. ఆయన చేయి చాపి నా మోకాలి మీదున్న ప్యాడ్ తీసి, బోర్లా పెట్టారు. "కాగితంలో ఉన్నది నాకూ తెలుసు బాబూ. నేల మీద ఏముందో చెప్పు." అంత దూరం నుంచి నంబర్ ఇంకా కనిపించడమే లేదు. కనిపించని నంబర్‌ని కనిపించినట్టు చెప్పానని అప్పుడు తెలిసింది. అరచేతుల్లో చెమట పట్టింది. ఆ రన్‌వే మాదే, ఏ ప్రమాదమూ జరగలేదు. కానీ అది మాది కాకపోయి ఉన్నా నా నోట్లోంచి వచ్చే జవాబు అదే.

అప్పటి నుంచి వేలు చూపించి, నంబర్ స్పష్టంగా కనిపించాకే పైకి చదువుతాను. మీరూ అలాగే చేయండి. చదివేటప్పుడు అక్షరాన్ని కూడా చదవండి. శంషాబాద్‌లో 09 కింద ఎల్ లేదా ఆర్ ఉంటుంది. బేగంపేటలో, హకీంపేటలో ఏ అక్షరమూ ఉండదు. అమెరికాలో జరిగినవాటిలో నంబర్ల తేడా చూడండి: బ్రాన్సన్‌లో 14కి బదులు 12, విచిటాలో 19కి బదులు 18. దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో 14కి బదులు పొరుగున ఉన్న ఎల్స్‌వర్త్ వైమానిక స్థావరం 13 మీద 2016లో డెల్టా ఏ320 దిగింది. అదే స్థావరంలో 2004లో నార్త్‌వెస్ట్ విమానం కూడా అలాగే దిగింది. ఒక అంకె తేడా అంటే పది డిగ్రీలు. దిక్సూచిలో అది కంటికి ఆనదు, నేల మీద తెల్ల రంగులో మాత్రం ఆనుతుంది.

రాత్రి నంబర్ ఆలస్యంగా కనిపిస్తుంది. అప్పుడు ప్రత్యామ్నాయం లైట్ల అమరిక. అప్రోచ్ లైట్లు ఏ రకం, వాలు చూపే పాపి లైట్లు రన్‌వేకి ఏ పక్కన ఉన్నాయి అన్నవి చార్టు చూసి ముందే రాసుకోండి.

8. 500 అడుగుల దగ్గర ఆఖరి గేటు

నేల నుంచి 500 అడుగుల ఎత్తులో ఒక్కసారి అడగండి: దూరం సరిపోయిందా, దిశ సరిపోయిందా, నంబర్ చదివామా? మూడింటికీ అవును అయితే దిగండి. ఒక్కదానికి "ఏమో" వచ్చినా పవర్ పెట్టి పైకి లేవండి. "ఏమో" అంటే కాదు అనే లెక్క. గో అరౌండ్‌కి అయ్యేది కొంచెం ఇంధనం, ఓ పది నిమిషాలు.

9. అయినా దిగిపోతే

రన్‌వే మీదే ఆగండి. వెంటనే మళ్లీ లేవాలని చూడొద్దు. రన్‌వే పొడవు సరిపోతుందో లేదో తెలియదు, బ్రేకులు బాగా వేడెక్కి ఉంటాయి, ఎదురుగా ఇంకో విమానం రావచ్చు. రేడియోలో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మిలిటరీ స్థావరమైతే వాళ్లు వచ్చేదాకా తలుపు తీయకండి, ఫొటోలు తీయకండి. ఎల్స్‌వర్త్‌లో దిగిన డెల్టా ప్రయాణికులు రెండు గంటలకు పైగా విమానంలోనే కూర్చున్నారు. దాచాలని మాత్రం ఎప్పుడూ చూడకండి. ఒకరు నిజం చెబితేనే తర్వాతివాళ్లకు కాగితం మీద ఒక హెచ్చరిక వస్తుంది.

ఎక్కువగా చేసే పొరపాట్లు

"మనదేనా?" అని అడగడం. ఈ ప్రశ్నకు పక్కవాళ్లు "అవునన్నా" అనేస్తారు. పెద్దవాళ్లు అడిగితే కాదనడం మనకు అలవాటు లేదు. "ఏం నంబర్ కనిపిస్తోంది?", "ఎన్ని మైళ్లు ఉంది?" అని అడగండి. దానికి అవును కాదు అని చెప్పలేరు, చూసి చెప్పాల్సిందే. మా బ్యాచ్‌లో వనపర్తి తమ్ముడొకడు ఏ సీనియర్ పక్కన కూర్చున్నా "అన్నా, నంబర్ జర చదువు" అనేవాడు. ఒకరిద్దరు చిరాకు పడ్డారు కూడా. వాడు మానలేదు, నాకు వాడి పక్కన కూర్చుంటే ధైర్యంగా ఉండేది.

పాపి చూసి తృప్తి పడడం. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే వాలు సరిగ్గా ఉందని అర్థం. తప్పు ఎయిర్‌పోర్టులోనూ అవే రంగులు కనిపిస్తాయి.

పగలైతే భయం లేదనుకోవడం. జుహూలో, ఎన్‌డోలాలో దిగింది పగటి వెలుతురులోనే.

ఎక్కువ వెలుగున్నదే మనది అనుకోవడం. రాత్రి చిన్న ఎయిర్‌పోర్టు చీకట్లో ఒంటరిగా మెరుస్తుంటుంది. పెద్ద ఎయిర్‌పోర్టు రన్‌వే ఊరి లైట్లలో కలిసిపోతుంది.

రన్‌వే కనబడగానే తెరమీద నుంచి కళ్లు తీసేయడం. పై పొరపాట్లన్నింటికీ తలుపు తీసేది ఇదే. కనిపించాక కూడా ఒక చూపు బయటికి, ఒక చూపు దూరం అంకె మీదికి వేస్తూనే ఉండండి.

వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి

సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్స్‌కి, 300 నాటికల్ మైళ్ల సోలో క్రాస్ కంట్రీ చేయాలి, దారిలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో పూర్తిగా దిగి ఆగాలి. ఆ రోజుకి ముందే ఇంట్లో ఈ పరీక్ష పెట్టుకోండి. సిమ్యులేటర్‌లో మిమ్మల్ని శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్‌లో ఏదో ఒకదానికి 8 మైళ్ల దూరంలో వదిలిపెట్టమని స్నేహితుడికి చెప్పండి. ఏదో మీకు చెప్పొద్దు, మ్యాప్ ఆపేయాలి. ఒక్క నిమిషంలో పేరు చెప్పి, మూడు రుజువులు చూపించాలి. పేరు సరిగ్గా చెప్పి రుజువులు చూపించలేకపోతే అది తప్పు కిందే రాసుకోండి, ఎందుకంటే అది ఊహ. పదికి పది వచ్చేదాకా చేయండి. తర్వాత టైమ్ రాత్రికి మార్చి, ఆపైన డిసెంబర్ పొద్దుటి మంచు పెట్టి మళ్లీ మొదటి నుంచి చేయండి. మొదటి రోజు నాలుగైదుకి మించి రావు.

నిజం ఫ్లయిట్ అయ్యాక జీపీఎస్‌లో మీరు ఎగిరిన దారి (ట్రాక్) ఉంటే తెరిచి, "కనిపించింది" అని రేడియోలో చెప్పిన క్షణంలో ఎక్కడున్నారో గుర్తు పెట్టండి. ఆ చోటు నుంచి నంబర్ చదవడం సాధ్యమేనా, ఏ గుర్తు కనిపించింది, కాగితం మీద ఏం రాశారు అని చూసుకోండి. ఆ కాగితంలో పెన్సిల్ గీత ఒక్కటీ లేకపోతే, దిగింది సరైన చోటే అయినా ఆ ఫ్లయిట్‌ని ఇన్‌స్ట్రక్టర్‌తో కూర్చుని మళ్లీ మాట్లాడండి.